కుక్కల పుట్టినిండ్లు



మన యిండ్లకు కోడలిని తెచ్చుకొనునపుడు పెద్దలు ఏడు తరములు విచారింతురు. పాడియావును కొనునపుడు సుడులు చూతురు. ఎన్నవ యీతయో అడుగుదురు. కుక్కపిల్లను తెచ్చుకొనునపుడు మాత్రము వెల యెంతయని యడుగుదురే కాని, దాని పుట్టినిల్లేది, అచ్చట దాని పూర్వులు ఏ పని చేసి కడుపు నింపుకొనినవి అని విచారించువారు లేరు. మా పుట్టినింటను విచారింపలేదు. అందువలన జరిగిన యొక యన్యాయమును నేను ఇరువదియెనిమిది యేండ్లుగా మనస్సులో మోయుచున్నాను. దాని నిచ్చట చెప్పవలసివచ్చును. కాని ముందుగా ప్రయాణపు సంగతి చెప్పెదను.

2024 మే నెలలో, పాఠశాలకు సెలవు లిచ్చిన పిమ్మట, మా వారును నేనును జర్మనీ దేశమున స్టుట్‌గార్టు నగరమం దుద్యోగము చేయుచున్న మా తమ్ముని యింటికి పోయి నెల దినము లుండి వచ్చితిమి. మేము పోవునప్పటికి ఆ యింట నొక పెద్ద తగవు నడచుచుండెను. తొమ్మిదేండ్ల మా మేనకోడలు కుక్కను తెమ్మని పట్టుపట్టినది. తన గది గోడనిండ కుక్కల బొమ్మలే. తండ్రి యెటులనో యొప్పుకొనెను. తల్లి యొప్పుకొనలేదు. “వదినా, వండుటకు, తోముటకు, ఆఫీసునకు పోవుటకు నావి రెండు చేతులే. మూడవ చేయి యున్నయెడల కుక్కను తెచ్చుకొనవచ్చును” అని నాతో మొఱపెట్టుకొన్నది. పిల్ల నన్ను చుట్టుకొని, “అత్తయ్యా, ఏ జాతి మంచిదో నీవైన చెప్పు” అనెను. నాకా, కుక్కయన్న గుండె దడ.

మా వారు చరిత్ర చెప్పు నుపాధ్యాయులు. పాత యూళ్లు చూడవలెనని వారి కోరిక. “కన్యను చూచుటకు ముందు వారి యూరు చూడవలెను. ఈ కుక్కలలో సగమునకు ఊళ్ల పేర్లే యున్నవి. ఆదివారమున కొక యూరు చూతము” అని తీర్పు చెప్పిరి. పిల్ల యొక నోటుపుస్తకము తీసి గీతలు గీచినది. ఇట్లు మా దేశాటనము కుక్కల పుట్టినిండ్ల వెంట సాగినది.

మొదట ఆ నగరమున కుక్కల వైభవమును చూచి నేను నివ్వెఱపోయితిని. వీధులలో దిక్కులేని కుక్క యొక్కటియు కానరాదు. రాత్రి మొఱుగుడు వినబడదు. భోజనశాలలలో మనుష్యులు తినుచుండగా బల్లక్రింద కుక్కలు ముడుచుకొని పండుకొనును. పెద్దకుక్కకు రైలు టిక్కెట్టు కొనవలెను. మూతికి చిక్కము తగిలింపవలెను. బుట్టలో పట్టు చిన్నదానికి టిక్కెట్టక్కఱలేదు. ప్రతి కుక్కకును పురపాలకసంఘమువారికి ఏటేట పన్ను కట్టవలెను. కుక్క చెవులు కోయుట 1987 నుండియు, వేటకుక్కలకు తప్ప తక్కినవానికి తోక కోయుట 1998 నుండియు ఆ దేశమున నిషిద్ధము.

స్టుట్‌గార్టులోనే లియోన్‌హార్డు దేవాలయము ప్రక్కన 1900 సంవత్సరమున కట్టిన యొక నీటికుండము కలదు. దానిపై పాతకాలపు రాత్రికావలివాని ప్రతిమ, వాని కాళ్లకడ నొక కుక్క. మీసములు, గడ్డము, దట్టమైన కనుబొమ్మలుగల ష్నౌట్సరు జాతి యదియేనని కుక్కలు పెంచువా రందురు. ‘ష్నౌట్సె’ యన మూతి. పూర్వము గుఱ్ఱపుసాలలలో ఎలుకలు పట్టుట దాని పని. ముసలి కరణముగారివంటి దాని ముఖము చూచి మా వారు చాలసేపు నవ్విరి.

తరువాత రైలులో ఇరువది నిమిషముల దూరమున నున్న లియోన్‌బెర్గునకు పోయితిమి. అది కొండచరియమీద, వంకర కఱ్ఱదూలముల యిండ్లుగల చిన్న యూరు. ఆ యూరి చిహ్నము సింహము. అచ్చటి పురపాలక సభ్యుడు హైన్రిష్ ఎస్సిగ్ అనునాతడు, కుక్కల వర్తకుడు, 1846 ప్రాంతమున పెద్ద కుక్కల జాతులను గలిపి, జూలు గల సింహమువంటి కుక్కను పుట్టించితినని చాటెను. రాజులకు, రాణులకు అమ్మెను. ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్తు ఆ కుక్కలను పెంచినది. ఊరి చిహ్నము కొఱకు కుక్కను చేసినాడో, కుక్క నమ్ముటకు చిహ్నమును వాడుకొన్నాడో గాని, గడుసువాడు! అయినను ఆ కుక్క గడుసుది కాదు. ఏబది అఱువది కిలోల శరీరము, దూడవంటి నడక, పసిపిల్లలు మీదబడినను కదలని సహనము. దానిని పోషించుట మాత్రము చిన్న సంసారి తరము కాదు. యుద్ధకాలములందు తిండి లేక ఆ జాతి నశింపవలసినదే. మిగిలిన కొలది కుక్కలనుండి మరల పెంచిరి.

ఆ యూరిలో నన్ను నిలిపినది కుక్కకంటె నొక తల్లి కథ. గ్రహముల గతిసూత్రములు కనుగొన్న కెప్లరు మహాశయుని తల్లి కాథరీనాను 1615లో ఆ యూరనే మంత్రగత్తెయని నిందించిరి. మూలికలు తెలిసిన ముసలి విధవ, నోరు కొంచెము కటువు. అంతియే నేరము. 1620 నుండి పదునాలుగు మాసములు సంకెళ్లలో నుంచిరి. కొడుకు గ్రంథములు ప్రక్కనబెట్టి వచ్చి ఆమె పక్షమున వాదించి 1621లో విడిపించెను. మఱుసటియేడే ఆమె మరణించినది. మనుష్యులకును ‘ఇది క్రూరజాతి’ యని పేరు పెట్టుట యెంత సులభమో యని యనుకొంటిని.

మూడవ ఆదివారము స్టుట్‌గార్టునకు దక్షిణముననున్న స్వేబియన్ ఆల్బు అను మెట్టప్రదేశమునకు పోయితిమి. ఇది యూరు కాదు. గడ్డి, రాయి, అక్కడక్కడ ముండ్లపొదలుగల కొండనేల. మనము అల్సేషన్ అని పిలుచు కుక్కకు ఇట్టి నేలలే పుట్టినిల్లు. దాని నిజమైన పేరు జర్మను గొఱ్ఱెకాపరి కుక్క. మొదటి మహాయుద్ధకాలమున ఇంగ్లీషువారికి శత్రువుల పేరుచ్చరించుట కిష్టము లేక అల్సేషన్ అనిరి. మరల 1977లో అచ్చటి కుక్కల సంఘమువారు అసలు పేరును వాడుట కంగీకరించిరి. మనము మాత్రము ఆ మాఱుపేరును విడువలేదు. 1899 ఏప్రిల్ నెలలో కార్ల్స్‌రూహె నగరమున జరిగిన కుక్కల ప్రదర్శనమున మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అను సైనికోద్యోగి తోడేలువంటి రూపముగల యొక పనికుక్కను చూచి కొనెను. దానికి హోరాండ్ అని పేరు పెట్టి, ఆ నెలలోనే సంఘమును స్థాపించి, తన పట్టికలో మొదటి సంఖ్యగా వ్రాసికొనెను. తురింగియా, వుర్టెంబర్గు సీమల మందకుక్కలను గలిపి యీ జాతిని స్థిరపఱచిరి. కుక్కకు అందమును పనియే నిర్ణయింపవలెనని ఆతని పట్టుదల.

ఆ పని యెట్టిదో మేము కన్నులార చూచితిమి. కొండవాలున నాలుగైదువందల గొఱ్ఱెలు మేయుచున్నవి. వాని ప్రక్కనే యెవరిదో పచ్చని గోధుమచేను. నడుమ కంచె లేదు, గట్టు లేదు. గొఱ్ఱెలకాపరి చేతికఱ్ఱపై నానుకొని నిలుచుండెను. నల్లని కుక్క యొకటి చేని యంచువెంట ఈ కొసనుండి ఆ కొసకు, ఆ కొసనుండి ఈ కొసకు పరుగుతీయుచుండెను. మొఱుగదు, కఱవదు. గొఱ్ఱె తలయెత్తి చేనివైపు చూచినచో అటు మఱలును. గొఱ్ఱె తల దించుకొనును. అది కదలెడు కంచె. ఉదయమునుండి సాయంకాలము వఱకు దాని కదియే పని. గంటసేపు కూర్చుండి చూచితిమి. గంటలో నది యొక్కమాఱైన నిలువలేదు. దాని కాళ్లక్రింద గడ్డి నలిగి సన్నని బాట యేర్పడినది.

ఆ బాట చూడగనే నాకు మాట రాలేదు. తమ్ముడు నావైపు తిరిగి మెల్లగా, “అక్కా, సపోటాచెట్టు క్రింద టైగరు తిరిగిన చంద్రవంక జ్ఞాపకమున్నదా?” అనెను. వానికప్పు డాఱేండ్లు. వాడు మఱచియుండునని యింతకాలమును నేననుకొంటిని.

మా పుట్టిల్లు గోదావరి కాలువగట్టున నొక పల్లె. నా పదవయేట మా నాయనగారు పట్టణమునుండి అల్సేషన్ పిల్లను తెచ్చిరి. అది గొప్పయింటి లక్షణము. టైగరని పేరు పెట్టి పెరటిలో సపోటాచెట్టునకు గొలుసుతో కట్టిరి. అది పెరిగినకొలది గొలుసు లావైనది గాని పొడవు కాలేదు. వేసవి యెండలో దానికి చలిదేశపు బొచ్చు. పగలంతయు అది గొలుసు కొసపట్టి ఇటునుండి అటు, అటునుండి ఇటు తిరుగుచుండెడిది. నేల యరిగి అర్ధచంద్రాకారముగా చాలు పడినది. వానపడిన యందు నీరు నిలిచెడిది. వచ్చిన చుట్టములు చూచి, “ఎంత రోషము! ఒక్కక్షణము నిలువదే!” యని మెచ్చుకొనెడివారు. కాపాడుటకు మంద లేక, తిరుగుటకు పొలము లేక, ఆ కుక్క తన గొలుసు పొడవుననే యొక చేని యంచును కల్పించుకొని కావలి తిరిగినదని ఆనాడెవరికి తెలియును?

నేను చేసినది చెప్పెదను. చేగోడీని దాని మూతికి అందీ అందనట్లు చాచి, అది లంఘింపగనే వెనుకకు లాగెడిదానను. గొలుసు గొంతుకు పట్టి అది వెనుకకు పడుట చూచి నవ్వెడిదానను. తమ్ముడు అరుగుమీదనుండి చూచుచుండెడివాడు. ఒకనాటి మధ్యాహ్నమట్లే యాడుచుండగా చేగోడి నా చేతినుండి జాఱి పడినది. మా యింట అంట్లు తోముటకు తల్లితో వచ్చు పిల్ల, నా యీడుదే, దానిని తీయబోయి వంగినది. టైగరు ఆమె మణికట్టు కఱచెను. రక్తము, ఏడుపు, గగ్గోలు. ఆ పిల్లకు బొడ్డుచుట్టును సూదులు వేయించిరి. ఏమి జరిగినదని పెద్దలడిగిరి. నేను చెప్పలేదు. ఆ పిల్లకు తెలియును, ఆమెయు చెప్పలేదు. యజమానుని కూతురిమీద ఆమె చెప్పుటెట్లు? “ఆ జాతియే అంత, ఎప్పటికైనను కఱచునదే” యని నిర్ణయించి, మఱునాటి యుదయమున బియ్యపుమిల్లు బండిలో టైగరు నెక్కించి పంపివేసిరి. అచ్చట నేమైనదో నేనడుగలేదు. గొలుసు చాలకాలము చెట్టుననే వ్రేలాడినది.

ఆ సంవత్సరమే మా నాయనగారు నాకు భారతము చెప్ప నారంభించిరి. నన్నయభట్టారకుని యాదిపర్వమున మొదటనే సరమ కథ వచ్చును గదా. జనమేజయుడు యాగము చేయుచుండగా అచ్చట నాడుకొనుచున్న కుక్కపిల్లను రాజు తమ్ములు కొట్టుదురు. అది యేడ్చుచు తల్లికి చెప్పును. దేవతల కుక్కయగు సరమ నేరుగా రాజుకడకు వచ్చి, ఏ తప్పు చేసెనని నీ తమ్ములు నా బిడ్డను కొట్టిరని నిలదీయును. రాజునకు మాట రాదు. నాయనగా రా కథ యెంతయో రసవత్తరముగా చెప్పిరి. వారికి టైగరు తలపునకు వచ్చినదో లేదో. నేను మాత్రము పుస్తకమువైపే చూచుచుంటిని.

ఆ కొండమీద ఈ సంగతి మా వారికిని, మరదలికిని, పిల్లకును చెప్పితిని. పిల్ల చాలసేపు మాటాడక, పిమ్మట నోటుపుస్తకమున ‘పని’ యను శీర్షిక క్రింద, “రోజంతయు నడచుట” అని వ్రాసికొన్నది.

తరువాతి యూరు రాట్‌వైలు. మనవారు రాట్‌వీలరని భయపడుచు పలుకు కుక్క పుట్టినిల్లు. స్టుట్‌గార్టునుండి గంటన్నర ప్రయాణము; నెక్కారు నది వెంట కొండల నడుమ రైలు పోవును. దూరమునుండి మొదట కానవచ్చునది లిఫ్టులను పరీక్షించుటకు కట్టిన 246 మీటర్ల నవీన గోపురము. ఊరు చేరిన పిమ్మట మధ్యయుగపు నల్లద్వారము, చెక్కడపు గవాక్షములు ముందుకు పొడుచుకొని వచ్చిన రంగురంగుల యిండ్లు. క్రీ. శ. 73 ప్రాంతమున రోమనులు స్థాపించిన స్థలమది. శిథిలములలో దొరకిన వారి యెఱ్ఱపెంకులనుబట్టియే యూరికీ పేరు వచ్చినదందురు. రోమను సేనలు ఆహారమునకై పశువులను వెంట తోలుకొని వచ్చినపుడు ఆ తోలు కుక్కలును వచ్చినవనియు, వాని సంతతియే యిదియనియు చెప్పుదురు.

తరువాతి శతాబ్దములలో ఆ యూరు పెద్ద పశువుల సంత. కసాయివారు ఊరూర తిరిగి ఎడ్లను కొని తోలుకొనివచ్చుటకు ఈ కుక్కను వాడిరి. మాంసపు బండిని లాగించిరి. తిరుగుదారిలో దొంగల భయమున ధనపు సంచిని కుక్క మెడకే కట్టెడివారట. యజమానుడు మద్యశాలలో మైమఱచినను సంచి భద్రము! ఇల్లాండ్రు ఆ కుక్కను దీవించియుందురు. ఎద్దును కదలించుటకు బలము కావలెను. బెదరి పరుగెత్తింపకుండుటకు నిదానము కావలెను. ఆ రెండును దాని స్వభావము. పిమ్మట రైళ్లు వచ్చినవి. పశువులను దారివెంట తోలుట నిలిచిపోయినది. పని పోయిన కుక్కకు తిండియు పోయినది. జాతి యంతరింపనుండగా 1910లో పోలీసుపనికి తగునని గుర్తించుటచే నిలిచినది.

ఆ వీధిలో నున్న కంచుకుక్క ప్రక్కన కూర్చుండి మా వారు మన దేశపు సంగతి యెత్తిరి. 2024 మార్చిలో మన కేంద్రప్రభుత్వ శాఖవారు 23 తెగల కుక్కలను క్రూరమైనవని పేర్కొని, వాని పెంపకమును, విక్రయమును ఆపవలసినదని రాష్ట్రములకు వ్రాసిరి. అందు రాట్‌వీలరును గలదు. ఏప్రిల్ నెలలో కర్ణాటక ఉన్నతన్యాయస్థానము ఆ యుత్తరువును కొట్టివేసినది. జర్మనీలోనే బవేరియా రాష్ట్రమున ఆ కుక్కను పెంచువారు అది క్రూరమైనది కాదని పరీక్షచే నిరూపింపవలెను. భయము నిరాధారమని నేననను. ఎద్దును నెట్టగల దేహము పసిపిల్లమీద పడిన నేమగును? కాని యెడ్లు లేని మేడమీద, రెండు గదులలో, తలుపునకు కట్టివేసి, ‘మా కుక్కను చూచిన నెవ్వరును గేటు దాటరు’ అని గర్వించు యజమానులను ఏ పట్టికలో చేర్చవలెనో!

మన యిండ్లలో నెక్కువగా కనిపించు తెల్లని బొచ్చుకుక్క సంగతి యిచ్చటనే చెప్పవలెను. మనము పామెరేనియన్ అందుము. నిజమునకు మనదేశమున నున్నవి బహుళముగా జర్మను స్పిట్జు సంతతికి చెందిన ఇండియన్ స్పిట్జులు. పొమెరేనియా యను సీమ నేడు కొంత జర్మనీలోను, ఎక్కువ భాగము పోలెండులోను ఉన్నది. విక్టోరియా రాణి 1888లో ఇటలీనుండి మార్కో యను చిన్న కుక్కను తెచ్చుకొన్న తరువాత, చేతిలో నిముడు బొమ్మకుక్కలకు మోజు హెచ్చినది. పుట్టినింట స్పిట్జు బొమ్మ కాదు. పల్లెలలో పెంటకుప్పమీద నిలుచుండి వచ్చినవాని నెల్ల మొఱిగి తెలుపుట, సరకుబండ్లమీద కూర్చుండి కాచుట దాని వృత్తి. వేటయం దాసక్తి లేదు గనుక రాజుల యడవుల ప్రక్క నున్న రైతులు దాని నిష్టపడిరి. అందుచేత మన యింట తపాలావానిని చూచి గంటసేపు మొఱుగునపుడు అది తన కులవృత్తి చేయుచున్నదే గాని అల్లరి చేయుటలేదు. వింత యేమనగా, దాని బంధువైన పెద్ద స్పిట్జు పుట్టినింటనే నేడు అంతరించు జాతుల పట్టికలో నున్నది.

మ్యూనిక్ నగరమున నొకదినము మాత్రము గడపితిమి. 1972 ఒలింపిక్ క్రీడలకు ‘వాల్డీ’ యను రంగురంగుల డాక్సుహుండు చిహ్నము. ఒలింపిక్ క్రీడల అధికారచిహ్నములలో నదియే మొదటిది. మారథాను పరుగుబాటను ఆ కుక్క యాకారముననే యేర్పఱచిరట. ‘డాక్స్’ అన బొరియలలో నుండు బాడ్జరు అను జంతువు. ఆ బొరియలో దూఱుటకే పొట్టికాళ్లు, పొడవైన నడుము. భూమి లోపలినుండి వేటకానికి వినబడుటకే యంత గొంతు. చీకటి సొరంగమున పండ్లు చూపు జంతువు నెదుట, యజమాని యాజ్ఞ వినబడని చోట, ముందుకా వెనుకకా యని తానే నిర్ణయింపవలెను. అందుచేతనే అది మొండిది. పిలిచిన రాదని దానిని పెంచువారందఱు మొఱపెట్టుదురు. ఆ నగరముననే బాక్సరు జాతికి 1890 దశకమున సంఘ మేర్పడినది. దానిని నిలిపినవారిలో ఫ్రీడెరున్ స్టాక్‌మన్ అను నామె పేరు తలపవలెను. ఆమె శిల్పి. రెండు యుద్ధముల కఱవులోను తన కుక్కలను బ్రతికించుకొన్నది. 1937లో తన యుత్తమమైన కుక్క ‘లుస్టిగ్’ అమెరికాకు పోయినది. నేటి యమెరికా బాక్సరులలో ననేకము దాని సంతతియే.

కడపటి యూరు అపోల్డా. తురింగియా రాష్ట్రమున నున్నది. తెల్లవారుజామున రైలెక్కి, బండ్లు మాఱి మాఱి చేరితిమి. చిన్న యూరు; గంటలు పోతపోయుటలోను, అల్లిక బట్టలలోను పూర్వము ప్రసిద్ధి. కొలోను నగరపు మహాదేవాలయమున మ్రోగు 24 టన్నుల గంట 1923లో ఇచ్చటనే పోసినది. ఇచ్చట 1834లో పుట్టిన లూయీ డోబెర్మాన్ అను నాతడు పన్నులు వసూలు చేయువాడు, రాత్రికావలి తిరుగువాడు, దిక్కులేని కుక్కలను పట్టువాడు కూడను. ఎవరింటి గడపకు పోయినను తిట్లే దొరకు కొలువులు గదా! తనకు తోడుగా నుండుటకు చుఱుకైన, ధైర్యముగల కుక్క కావలెనని తాను పట్టిన కుక్కలలోనుండియే యెన్ని పెంచెను. 1860 దశకమునుండి ఆ యూర కుక్కల సంత జరిగెడిది. ఆతడేమియు వ్రాసి పెట్టలేదు. ఏయే కుక్కలను గలిపెనో నేటికిని ఊహలే. 1894లో మరణించిన పిమ్మట జాతికి ఆతని పేరు పెట్టిరి.

అచ్చటి వీధిలో నిజమైన డోబెర్మాను నెదురైనప్పుడు నేను గుర్తింపలేదు. చెవులు మెత్తగా వ్రేలాడుచున్నవి. పొడవైన తోక యాడుచున్నది. చిత్రములలో మనము చూచు నిక్కిన చెవులు, మొండితోక కత్తెరవలన వచ్చినవేగాని పుట్టుకతో వచ్చినవి కావు. సగము భయము ఆ కత్తెరదే.

అపోల్డాకు పది నిమిషముల దూరమున వైమారు. గేటే మహాకవి నివసించిన నగరము. వెండివన్నె వైమరానరు వేటకుక్కకును అదే పేరు. ఆ నగరపు శివారు కొండమీదనే 1937 నుండి 1945 వఱకు బూకెన్‌వాల్డు నిర్బంధశిబిరము నడచినది. ఖైదీలను కావలి కాయుటకు అచ్చట కుక్కలను పెట్టిరి. మా మరదలు పిల్లను తీసికొని క్రిందనే యుండిపోయినది. మేము ముగ్గురమును పోయి చూచి వచ్చితిమి. ఇనుపకంచె యిప్పటికిని నిలిచియున్నది. దాని గూర్చి యెక్కువ వ్రాయజాలను.

తిరుగుదారిలో రైలులో పిల్ల, “అయితే గొఱ్ఱెకాపరి కుక్క మంచిదా, చెడ్డదా?” అని యడిగెను. మా వారు ఓల్డెన్‌బుర్గు సంగతి చెప్పిరి. మొదటి మహాయుద్ధమున విషవాయువులచేతను, గాయములచేతను చూపుపోయిన సైనికులు వేలకొలదిగా తిరిగివచ్చిరి. ఒక వైద్యుడు తన కుక్కను చూపులేని రోగి కడ కొంతసేపు విడిచి, తిరిగివచ్చి చూడగా అది యాతనిని కనిపెట్టుకొని యుండెనట. 1916లో ఆ యూరనే మొట్టమొదటి అంధుల దారికుక్కల పాఠశాల వెలసినది. తరువాత పోట్స్‌డాములో మఱియొకటి. దానిని చూచి డొరొతీ యూస్టిస్ అను నమెరికా వనిత 1927లో ఒక వ్యాసము వ్రాయగా, మారిస్ ఫ్రాంక్ అను అంధయువకుడు దానిని చదివించుకొని ఆమెకు జాబు వ్రాసెను. ఆమె యాతనిని స్విట్జర్లాండునకు పిలిపించి, 1928లో ‘బడీ’ యను ఆడుకుక్కతో నడచుట నేర్పించినది. ఆతడు ఆ కుక్కతో న్యూయార్కు వీధులు దాటెను. మఱుసటి యేడు అమెరికాలో అట్టి పాఠశాల యేర్పడినది. బడీయు గొఱ్ఱెకాపరి జాతిదే. చేని యంచువెంట గొఱ్ఱెలను నడపిన యా జాగ్రత్తయే బాట యంచువెంట మనుష్యుని నడపినది.

ఇల్లు చేరిన పిమ్మట నోటుపుస్తకము బల్లమీదికి వచ్చినది. పిల్ల తానే క్రొత్త గడి గీచి, ‘పగలు ఇంట నుండువారు’ అని వ్రాసి, తండ్రి వచ్చు వేళ, తల్లి వచ్చు వేళ, తాను బడినుండి వచ్చు వేళ వేసికొన్నది. ఉదయము ఎనిమిదినుండి నాలుగు వఱకు గడి ఖాళీ. ఆమె కన్నుల నీళ్లు తిరిగినవి. మా మరదలికిని జాలివేసినది, “పోనీ, స్పిట్జును తెచ్చుకొందమా?” అనెను. పిల్లయే తల యడ్డముగా నూపినది.

క్రింది యంతస్తులో నొక వృద్ధురాలు డాక్సుహుండు నొకదానిని పెంచుచున్నది. దానికి పదునొకండేండ్లు, ఆమెకు మోకాళ్ల నొప్పులు. మా మరదలు పోయి మాటాడి వచ్చినది. ఆ మఱునాటినుండి ప్రతి సాయంకాలమును పిల్ల ఆ కుక్కను త్రిప్పుచున్నది. మేము బయలుదేఱుటకు ముందురోజున నేనును వెంట పోయితిని. వీధిమొగలో నొక చెట్టుకడ కుక్క నిలిచిపోయినది. పట్టీ లాగినను, బుజ్జగించినను కదలదు. పిల్ల లాగుట మాని ప్రక్కన నిలుచుండెను. నా చేతిసంచిలో ఇంటినుండి తెచ్చిన చేగోడీలు మిగిలియున్నవి. ఒకటి తీసి, వంగి, దాని మూతికందునట్లు చాచి, ఈ మాఱు చేయి వెనుకకు తీయక నిలిపితిని. కుక్క వాసన చూచినది. అంతలో పిల్ల నా చేయి పట్టుకొని, “వద్దత్తయ్యా, కుక్కలకు ఉప్పు, కారము పడవు” అనెను.

చేగోడిని నేనే తింటిని. కుక్క మఱి కొంతసేపటికి తనంత తానే బయలుదేఱెను.